రెండు సూదులు, ఒక ఊలు ఉండ

కోలారు నుంచి బెంగళూరు పోయే పెద్దరోడ్డు మీద ఉంటుంది మా నరసాపురం. కన్నడ బోర్డు మీద నరసాపుర. డిసెంబరు తెల్లవారుజామున ఫ్యాక్టరీ బస్సుల కోసం నిలబడ్డ పిల్లల ముఖాలు కనపడవు, మఫ్లర్లే కనపడతాయి. సముద్రమట్టానికి 800 మీటర్లకు పైన ఉన్న నేల ఇది. ధనుర్మాసం వచ్చిందంటే మంచు కళ్ళ ముందే నిలబడుతుంది. ఆ మఫ్లర్లలో ఎక్కువభాగం సంతలో బేరమాడి కొన్న యాక్రిలిక్ సరుకు. అప్పుడప్పుడు మాత్రం ఒకటి వేరేగా ఉంటుంది: అంచు కాస్త వంకర, ఒకచోట కుట్టు జారిన గుర్తు. ఎవరో ఇంట్లో కూర్చుని అల్లి, క్రిస్మస్‌కో సంక్రాంతికో చేతిలో పెట్టింది. నా మాటలన్నీ దాని గురించే.

ఉన్ని మనకు కొత్త కాదు. గొర్రెలు కాసే కురుబల కంబళి లేకుండా ఈ సీమలో చలికాలం గడిచేది కాదు. కానీ కంబళిది నేత. దానికి పడుగు కావాలి, పేక కావాలి, మగ్గం కావాలి. మఫ్లర్‌ది అల్లిక. ఉన్నది ఒకటే దారం, ఒక ఉచ్చులోంచి ఇంకో ఉచ్చు లాగుతూ పోవడమే. సరంజామా చంకన పెట్టుకుని ఎక్కడికైనా పోవచ్చు. కొస లాగితే ఆరు రోజుల పని ఆరు నిమిషాల్లో ఊడి చేతికొచ్చేదీ అందుకే.

ఇది చలిదేశాల వాళ్ళు కనిపెట్టిన విద్య అనుకుంటాం. కానీ మనకు దొరికిన బాగా పాత అల్లికలు ఈజిప్టువి, సుమారు 11 నుంచి 14వ శతాబ్దం లోపలివి. అవి మేజోళ్ళు. నీలం, తెలుపు దారాలతో ముచ్చటైన నమూనాలు. ఉన్ని కాదు, పత్తి! ఎడారి దేశంలో పత్తితో సాగిన పని యూరప్ చేరాక ఉన్ని పట్టుకుంది. అక్కడ ఇది ఆడవాళ్ళ తీరిక పని కూడా కాదు. ప్యారిస్‌లో 1527 నాటికే అల్లికదారుల సంఘం ఉంది. ఏళ్ళ తరబడి శిష్యరికం చేస్తేగాని పనివాడనిపించుకునేవాడు కాదు. 1589లో విలియం లీ అనే ఇంగ్లీషువాడు మేజోళ్ళు అల్లే యంత్రం చేస్తే మొదటి ఎలిజబెత్ రాణి పేటెంటు ఇవ్వలేదు. చేత్తో అల్లి బతికేవాళ్ళ నోటికాడి కూడు పోతుందని ఆమె భయపడిందంటారు. అంటే అల్లిక ముందు కూలి, ఆ తర్వాతే కానుక. యంత్రం వచ్చి చేతిపనికి గిరాకీ తగ్గాకే అది ప్రేమ చూపించుకునే పనిగా మిగిలింది.

మా జిల్లాకు సూదుల అల్లికను ఫలానావాళ్ళే తెచ్చారని చెప్పను. దారి మాత్రం ఊహకు అందుతుంది. 1880లో జాన్ టేలర్ కంపెనీ కోలారు బంగారు గనులు (కేజీఎఫ్) చేపట్టాక ఇంగ్లండు నైరుతి మూల కార్న్‌వాల్ నుంచి గని పనివాళ్ళు దిగారు. ఆ సీమ జాలరి పల్లెల్లో ఆడవాళ్ళు సముద్రం మీదికి పోయేవాళ్ళకు బిగువైన ఉన్ని చొక్కాలు కూలికి అల్లేవాళ్ళు. కేజీఎఫ్‌లో బంగళాలు, క్లబ్బులు, చర్చిలు వెలిశాయి. జనం దాన్ని చిన్న ఇంగ్లండ్ అన్నారు. ఛాంపియన్ రీఫ్ గనిలో మూడు కిలోమీటర్ల లోతున రాతి వేడి 60 డిగ్రీలు దాటేది. ఆ కొలిమిలోంచి చెమటతో పైకొచ్చిన మనిషికి డిసెంబరు గాలి తగిలితే ఎలా ఉంటుందో తలుచుకోండి. మెడకు చుట్టుకోవడానికి ఏదో ఒకటి ఉండాల్సిందే.

మా పిన్నమ్మ అల్లిక నేర్చింది కేజీఎఫ్‌లోని ఆండర్సన్‌పేటలో, పక్కింటి ఆంగ్లో ఇండియన్ ముసలావిడ దగ్గర. ఆవిడకు తెలుగు రాదు, పిన్నమ్మకు ఇంగ్లీషు రాదు. "ఇట్ల చూడు, ఇట్ల" అని వేళ్ళతోనే పాఠం. గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఆ వాడ నుంచి చాలామంది వెళ్ళిపోయారు. సూదులు మాత్రం మా ఇంటికొచ్చాయి.

నరసాపురం అనగానే గోదావరి వాళ్ళు "లేసు నరసాపురమా?" అంటారు. కాదండీ, అది వేరే. కానీ ఆ ఊరి మాట ఇక్కడ ఎత్తక తప్పదు. 1844 ప్రాంతంలో మెక్రే అనే స్కాట్లండ్ మిషనరీ దంపతులు అక్కడి ఆడవాళ్ళకు లేసు నేర్పారు. ఒకే కొక్కెం, సన్నటి నూలు. ఆ సరుకు ఓడలెక్కి విదేశాల ఇళ్ళకు పోయింది. మరియా మీస్ అనే పరిశోధకురాలు ఆ లేసు అల్లేవాళ్ళ మీద 1982లో వెలువరించిన పుస్తకంలో అసలు సంగతి పట్టుకుంది: గంటల తరబడి అల్లే ఆడవాళ్ళను కూలివాళ్ళని కాకుండా ఇంటిపట్టున ఊరికే కూర్చున్నవాళ్ళని లెక్కగట్టడం వల్లే అంత తక్కువ డబ్బు చేతిలో పెట్టగలిగారు. 2024లో ఆ లేసుకు భౌగోళిక గుర్తింపు దక్కింది. అల్లికను పొద్దుపోక చేసే పని అనేవాళ్ళు ఆ పుస్తకం ఒక్కసారి తిరగేస్తే బాగుండు.

ఇక నా సంగతి. పోయిన సంక్రాంతికి నువ్వులు బెల్లంతో పాటు స్నేహితుడికి మఫ్లర్ ఇద్దామని పిన్నమ్మ సూదులు తీశాను. నలభై ఉచ్చులు వేశాను. మొదటి వరస చివర నాలుక మడిచిపెట్టుకుని మరీ లెక్కపెట్టాను. వారం తిరిగేసరికి మఫ్లర్ ఎగువన జానెడు, దిగువన జానన్నర! ఎక్కడో దారం సూదికి అనవసరంగా చుట్టుకుని కొత్త ఉచ్చులు పుడుతున్నాయి, నేను గమనించలేదు. లెక్కపెడితే యాభై రెండు. పిన్నమ్మ చూసి, "నీళ్ళు పోసినావా ఏమి, ఇట్ల పెరిగింది?" అని నవ్వి, విప్పి ఉండ చుట్టేసింది. మళ్ళీ మొదటినుంచి. నున్నటి అల్లిక పెడితే అంచులు అప్పళంలా చుట్టుకుంటాయనీ, మఫ్లర్‌కు రెండువైపులా ఒకేలా కనపడే గరుకు అల్లికే పెట్టాలనీ అప్పుడే తెలిసింది. సంక్రాంతి పోయింది, రథసప్తమికి ఇచ్చాను.

మీకెవరైనా ఇలాంటిది ఇస్తే వాషింగ్ మిషన్లో వేయకండి. చన్నీళ్ళలో ముంచి, పిండకుండా తువ్వాల్లో చుట్టి అదిమి, నులకమంచం మీద పరిచి నీడన ఆరబెట్టండి. తడిగా తాడు మీద వేలాడదీస్తే సాగిపోయి మోకాళ్ళ దాకా వస్తుంది. మా స్నేహితుడిది అలాగే వచ్చింది.