తొట్టి పక్కన పుదీనా
మా రాచర్లలో పుదీనాకు విత్తనం వేసినోళ్లను నేను చూడలేదు. పక్కింట్లో నాలుగు కాడలు అడిగి, కింది ఆకులు గిల్లి, తొట్టి నీళ్లు పారే తడిలో గుచ్చడమే. మా అవ్వ మడి అట్లా వచ్చిందే. పేరు మాత్రం దూరపుది: పారసీ మాట, ఉర్దూ మీదుగా మనకు చేరింది. 1970లో ఒంగోలు జిల్లా ఏర్పడేదాకా మాది కర్నూలు జిల్లా. నవాబులేలిన సీమ, పలావు వాసన తగలకుండా ఉంటుందా!

అవ్వకు పలావుతో పని లేదు. ఎండుమిరపకాయలు వేయించి, చింతపండు, ఉప్పు వేసి రోట్లో కచ్చాపచ్చాగా నూరేది. ఆకు చివర్లోనే, రెండు పోట్లు. మెత్తగా నూరితే చేదెక్కుతుందని తిట్టేది. ఈ ఆకు ఘాటు కార్వోన్‌ది. దగ్గుబిళ్లలో చల్లగా తగిలే మెంథాల్ ఇందులో నామమాత్రమే.

ఆ మడి ఇంకా ఉంది. కాడలు కావాలంటే రండి.