డ్రంకెన్ డ్రైవ్ తనిఖీల్లో నడక పరీక్షలు

తాగి బండి నడుపుతున్నాడన్న అనుమానం వస్తే డ్రైవర్ను కిందికి దింపి, నడిపించి, ఒంటికాలి మీద నిలబెట్టి చూడటం అమెరికా పోలీసులకు చాలాకాలంగా అలవాటు. మొదట్లో దీనికి పద్ధతంటూ లేదు. ఒకరు వేలితో ముక్కు తాకమనేవారు, ఇంకొకరు అక్షరాలు వల్లించమనేవారు. రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ 1954లో ఊపిరిలో మద్యాన్ని కొలిచే బ్రెతలైజర్ తయారుచేసిన తర్వాత కూడా ఎవరిని స్టేషన్‌కు తీసుకెళ్లాలో రోడ్డు మీదే తేల్చుకోవాల్సి వచ్చేది.

1975లో అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ ఈ విషయాన్ని పరిశోధకులకు అప్పగించింది. మార్సెలిన్ బర్న్స్, హెర్బర్ట్ మాస్కోవిట్జ్ 1977లో ఇచ్చిన నివేదిక మూడు పరీక్షలను ఎంచింది: కనుగుడ్డు అదురు, నడిచి తిరగడం, ఒంటికాలి నిలుపు. 1981 నివేదికతో వాటికి కచ్చితమైన నియమాలు ఏర్పడ్డాయి.

నడక పరీక్షలో గీత వెంట మడమకు వేళ్లు ఆనించి తొమ్మిది అడుగులు వేయాలి. చిన్న చిన్న అడుగులతో వెనుదిరిగి మళ్లీ తొమ్మిది. పోలీసు చూసే తప్పులు ఎనిమిది. చెప్పకముందే మొదలుపెట్టినా తప్పే, చేతులు ఆరంగుళాలు మించి లేచినా తప్పే. రెండు కనిపిస్తే చాలు, మత్తులో ఉన్నట్టు లెక్క. రాత్రివేళ, కళ్లలో పడే లైట్ల మధ్య, భయంతో ఉన్న మనిషి ఈ రెండు తప్పులూ తాగకుండానే చేయగలడు. 1977 అధ్యయనంలోనే, పోలీసులు అరెస్టు చేయాలన్న వారిలో 47 శాతం మంది రక్తంలో మద్యం అప్పటి ప్రమాణమైన 0.10 శాతానికి లోపే ఉంది. తర్వాతి అధ్యయనాల్లో పొరపాట్లు తగ్గాయి. వయసు 65 దాటినవారికి, నడుము, కాళ్లు, లోపలి చెవి జబ్బులున్నవారికి ఈ నడక కష్టమని శిక్షణ పుస్తకాలే ఒప్పుకున్నాయి. శరీరం తూలడానికి మద్యం ఒక్కటే కారణం కాదు. ఈ పరీక్షల అసలు బలహీనత ఇదే.

గంజాయి విషయంలో కోర్టులు మరింత జాగ్రత్తపడ్డాయి. ఈ పరీక్షలు గంజాయి మత్తును శాస్త్రీయంగా రుజువు చేసినట్టు చెప్పకూడదని 2017లో మసాచుసెట్స్ అత్యున్నత న్యాయస్థానం తీర్పునిచ్చింది.

మన దేశంలో దారి వేరు. 1988 మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ మద్యానికి అంకె పెట్టింది: 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే నేరం. అందుకే హైదరాబాద్, విజయవాడ రోడ్ల మీద పోలీసులు గీత మీద నడవమనరు, బ్రీత్ ఎనలైజర్‌లో ఊదమంటారు.