ఆయుధ వేగం (ఆన్‌లైన్ ఆటలు)

ఆయుధ వేగం అనగా ఆన్‌లైన్ పాత్రధారణ ఆటలలో ఒక ఆయుధంతో కొట్టే రెండు వరుస దెబ్బల మధ్య వ్యవధి. దీనిని సెకన్లలో సూచిస్తారు. పేరు వేగమైనా కొలిచేది కాలాన్ని. కనుక ఈ సంఖ్య పెద్దదయ్యే కొద్దీ ఆయుధం నిదానమైనదని గ్రహించాలి. ఈ వ్యాసంలోని ఉదాహరణలు 2004 నవంబరులో బ్లిజార్డ్ ఎంటర్‌టైన్‌మెంట్ సంస్థ విడుదల చేసిన వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆట తొలి సంవత్సరాల నియమాలకు సంబంధించినవి.

సగటు హాని

ఆ ఆటలోని ఆర్కనైట్ రీపర్ అనే రెండు చేతుల గొడ్డలి దెబ్బకు 153 నుండి 256 వరకు హాని కలిగిస్తుంది. సగటు 204.5. వేగం 3.8 సెకన్లు. భాగించగా సెకనుకు 53.8 వస్తుంది. ఇదే సగటు గల 2.6 సెకన్ల ఆయుధం దెబ్బకు సుమారు 140 హాని చేస్తుంది. సాధారణ దెబ్బలు మాత్రమే కొడుతూ పోతే, దీర్ఘకాలంలో రెండింటి మొత్తం సమానమే.

తక్షణ దెబ్బలు

మీట నొక్కగానే, తరువాతి సాధారణ దెబ్బ కోసం వేచి ఉండకుండా పడే ప్రత్యేక దెబ్బలలో ఈ సమానత్వం చెల్లదు. అవి ఆయుధ వేగాన్ని బట్టి గాక, తమకు నిర్ణయించిన విరామం ప్రకారం పడతాయి. అందువలన ఒక్కొక్క దెబ్బ బరువే ముఖ్యం.

పాత్ర యొక్క ప్రతి 14 పాయింట్ల దాడి శక్తి సెకనుకు 1 హానిని చేర్చుతుంది. 1400 పాయింట్లున్న పాత్రకు ఇది సెకనుకు 100. మొదట్లో దీనిని ఆయుధ వేగంతో గుణించి తక్షణ దెబ్బకు కలిపేవారు. గొడ్డలికి 204.5 + 380 = 584.5 రాగా, 2.6 సెకన్ల ఆయుధానికి 140 + 260 = 400 మాత్రమే వచ్చేది.

2005 సవరణ

ఈ వ్యత్యాసాన్ని తగ్గించుటకు 2005లో తక్షణ దెబ్బల లెక్కకు స్థిర వేగాలను నిర్ణయించారు. అవి రెండు చేతుల ఆయుధాలకు 3.3, ఒంటిచేతి ఆయుధాలకు 2.4, బాకులకు 1.7. దీనితో పై దెబ్బలు 534.5, 470 అయ్యాయి. తేడా 184.5 నుండి 64.5కు తగ్గిందే కాని పూర్తిగా పోలేదు. ఆయుధపు స్వంత హాని మారకపోవడమే ఇందుకు కారణం.

వేగవంతమైన ఆయుధాలు

విషం పూసిన ఆయుధం వలె ప్రతి దెబ్బకూ అదనపు ప్రభావం కలిగే అవకాశం ఉన్నప్పుడు వేగవంతమైన ఆయుధమే మేలు. గురి తప్పిన ఒక్క దెబ్బ వలన కలిగే నష్టం కూడా దీనిలో తక్కువ. కనుక సెకనుకు సగటు హాని ఒక్కటే చూసి ఆయుధాన్ని ఎన్నుకోరాదు.