ఎడారిలో అద్దె బండి

మన పల్లెపట్టులలో అద్దె బండి అనగా బండి యొక్కటియే కాదు. జట్కా కుదుర్చుకొన్నను, ఎడ్లబండి మాటలాడుకొన్నను, బండితోపాటు బండివాడును వచ్చుచుండెను. ఏ వాగున నీరు దిగినదో, ఏ డొంకలో చక్రము కూరుకొనునో, ఎద్దులకు ఎచ్చట నీరు పట్టవలెనో వానికి తెలియును. మనము చెల్లించు కిరాయిలో కొంత బండికి, కొంత ఆ తెలివికి. ఈ సంగతిని మనము సాధారణముగా తలచుకొనము. బండివాడు లేని బండి చేతికి వచ్చిననాడు గాని దాని విలువ తెలియదు.

ఈ మాట ఎడారికి మరింత వర్తించును. నేడు ప్రపంచమున పలుచోట్ల యాత్రికులు, నాలుగు చక్రములకును యంత్రబలము అందెడి మోటారు బండిని అద్దెకు తీసికొని, దానిని తామే నడుపుకొనుచు, ఎడారులలో ఎవరో దాచిన చిన్న పెట్టెలను వెదకుచు పోవుచున్నారు. ఈ వినోదమునకు జియోకాషింగ్ అని పేరు. ఉపగ్రహముల సాయమున అక్షాంశ రేఖాంశములను పట్టుకొని పెట్టె ఉన్న చోటు చేరుట, అందలి చిన్న పుస్తకమున తమ పేరు వ్రాయుట, పెట్టెను మరల యథాస్థానమున ఉంచుట ఇందలి పద్ధతి. చూచుటకు ఇది నిన్న మొన్నటి ఆట. కాని ఎడారిలో ఒక వస్తువును దాచి, ఆ చోటును గుర్తుంచుకొని, మరల చేరుట యనునది నాలుగువేల ఏండ్లనాటి విద్య. ప్రాణరక్షణకై పుట్టిన ఆ విద్య ఆటగా మారిన విధమును ఒకమారు పరికింతము.

ఈజిప్టు దేశమున నైలునదికి పడమటి దిక్కున లిబియా ఎడారి పరచుకొని యున్నది. అందు దఖ్లా అను ఒయాసిస్సునకు నైరుతిగా సుమారు 200 కిలోమీటర్ల దూరమున ఒక చిన్న గుట్ట కలదు. దానిని అరబ్బు భాషలో అబూ బల్లాస్ అందురు. కుండల తండ్రి అని ఆ పేరునకు అర్థము. మొదటి ప్రపంచ యుద్ధకాలమున బ్రిటిషు సైనికులు మోటారు బండ్లపై అచ్చటికి చేరినప్పుడు, గుట్ట పాదమున పెద్ద మట్టికుండలు గుంపులుగా కనబడెను. దాపున ఊరు లేదు, బావి లేదు. పిమ్మట జరిగిన పరిశోధనల వలన ఇది ఒంటరి గుట్ట కాదనియు, దఖ్లా నుండి గిల్ఫ్ కెబీర్ పీఠభూమి వైపు సుమారు 400 కిలోమీటర్లు సాగిన యొక బాటలో ఒక మజిలీ యనియు తేలినది. క్రీస్తునకు పూర్వము సుమారు 2200 ప్రాంతమున గాడిదల బిడారులు ఆ దారిని నడచెను. ఆ దేశమున నాటికింకను ఒంటెల వాడుక లేదు. గాడిద రెండు మూడు దినములకు మించి నీరు లేక నడువజాలదు. కావున మనుష్యులు ముందుగా పోయి, ఒక్కొక్కటి సుమారు 30 లీటర్లు పట్టు కుండలను నింపి, మజిలీ మజిలీకి ఉంచి వచ్చిరి. మన ఊళ్ళలో వేసవినాడు దారిప్రక్క చలివేంద్రము పెట్టి, నీరు పోయుటకు ఒకరిని కూర్చుండబెట్టుదురు. అది మనిషి లేని చలివేంద్రము. ఆ కుండలు ఎచ్చట నున్నవో తెలిసినవాడు బ్రతుకును. తెలియనివాడు వాని ప్రక్కనుండియే పోయి మరణించును.

తరువాతి యుగములలో గాడిద స్థానమును ఒంటె ఆక్రమించెను. ఒంటెను కిరాయికి తీసికొన్న వర్తకుడు ఒంటెవానిని, దారి చూపు బెడూయిన్‌ను కూడ కిరాయికి తీసికొనెడివాడు. ఏ తిన్నె వెనుక బావి యున్నదో, ఏ నక్షత్రమును కుడిభుజమున నుంచుకొని నడువవలెనో ఆ మనుష్యుని తలలో నుండెను. 1923లో అహమ్మదు హస్సనైన్ అను ఈజిప్టు ప్రభుపురుషుడు కుఫ్రా మీదుగా దక్షిణమునకు పోయి, ఆర్కెనూ, ఉవైనాత్ పర్వతములను భూగోళ శాస్త్రజ్ఞులకు తెలిపినప్పుడును అతని వెంట అట్టివారే నడచిరి.

అంతకుముందు, 1873-74 శీతకాలమున గెర్హార్డ్ రోల్ఫ్స్ అను జర్మను యాత్రికుడు ఈజిప్టు పాలకుని సాయముతో దఖ్లా నుండి పడమరగా బయలుదేరెను. ఎత్తైన ఇసుకతిన్నెలు వరుసలు వరుసలుగా అడ్డుపడి ఒంటెలను సాగనీయలేదు. అట్టి చోట 1874 ఫిబ్రవరిలో, ఎవరును ఊహింపని రీతిగా వాన కురిసెను. రోల్ఫ్స్ ఆ తావునకు వాన పొలము అని తన భాషలో పేరుపెట్టి, రాళ్ళు కుప్పగా పేర్చి, ఒక సీసాలో తన యాత్రావృత్తాంతమును వ్రాసి యుంచి మరలిపోయెను. సుమారు 50 ఏండ్ల పిమ్మట కెమాల్ ఎద్దీన్ అను ఈజిప్టు రాకుమారుడు గొలుసుపట్టాలపై నడచు సిట్రొయెన్ బండ్లతో అచ్చటికి చేరి, ఆ సీసాను కనుగొనెను. దాచిన చోటు, అందొక వ్రాత, దానిని వెదకి వచ్చిన మరియొక బాటసారి: నేటి ఆటలోని అంగములన్నియు ఇందు కలవు. అయినను అది ఆట కాదు. ఎవరైన మా వెనుక వత్తురేని మేము ఇంతవరకు వచ్చితిమని తెలియుగాక యని చెప్పిన మాట అది.

బండి నుండి బండివాడు విడిపోయిన ఘట్టము ఇరువదవ శతాబ్దమున వచ్చినది. హెన్రీ ఫోర్డు 1908లో వెలువరించిన టి-నమూనా కారు చౌకయు, తేలికయు, బాగుచేసికొనుటకు సులభమునై యుండెను. 1916లో అమెరికాలోని ఒమాహా నగరమున జో సాండర్స్ అనునతడు తన ఫోర్డు కారును మైలుకు పది సెంట్ల చొప్పున, తోలువాడు లేకుండగనే, అద్దెకిచ్చుట మొదలిడెనని చెప్పుదురు. 1918లో షికాగో నగరమున వాల్టర్ జాకబ్స్ డజను ఫోర్డు కార్లతో అదే వ్యాపారమును ప్రారంభించెను. చిత్రమేమనగా, ఆ 1916లోనే అదే టి-నమూనా కార్లతో బ్రిటిషువారి తేలిక కార్ల దళములు లిబియా ఎడారిలో పహరా తిరుగుట ఆరంభించెను. ఒకచోట కారు బాడుగబండి యైనది. మరియొకచోట అదే కారు ఒంటె యైనది. ఈ రెండు దారులును తరువాతి కాలమున కలిసికొన్నవి.

ఒంటెవాడు లేక ఎడారిలో సాగవలెనన్నచో అతని తెలివిని మరియొక రూపమున సంపాదింపవలెను. ఈ పనికి పూనుకొన్నవారిలో ముఖ్యుడు రాల్ఫ్ బాగ్నాల్డ్. ఇతడు బ్రిటిషు సైన్యమున ఇంజనీరు. 1926లో ఈజిప్టునకు వచ్చి, సెలవు దినములందు మిత్రులతో కూడి ఫోర్డు కార్లపై ఎడారి యాత్రలు చేసెను. నీరు మరగి ఆవిరియై పోకుండ, రేడియేటరు నుండి ఒక గొట్టమును నీటిడబ్బాలోనికి దించెను. ఆవిరి అచ్చట చల్లబడి నీరగును. యంత్రము చల్లారినంతనే ఆ నీరు తిరిగి రేడియేటరులోనికి పీల్చుకొనబడును. కారులోని ఇనుము వలన అయస్కాంతపు దిక్సూచి తప్పు చూపును గనుక, సూది నీడను బట్టి దిక్కును తెలుపు సూర్యదిక్సూచిని సిద్ధపరచెను. కూరుకొన్న చక్రముల క్రింద వేయుటకు పొడవైన ఉక్కు పలకలను వెంట గొనిపోయెను. టైర్లలోని గాలిని తగ్గించినచో అవి వెడల్పుగా పరచుకొని, ఇసుకలో దిగబడక సాగునని అనుభవముచే నేర్చెను. ఇట్లు 1930 నాటికి, ఒంటెలకును దాటరానిదని పేరుపడిన మహా ఇసుకసముద్రము నడుమకు కార్లను నడిపెను. ఇసుక గాలికి కదలు తీరును గూర్చి అతడు వ్రాసి 1941లో ప్రకటించిన శాస్త్రగ్రంథము నేటికిని ప్రమాణముగా నున్నది.

రెండవ ప్రపంచ యుద్ధము రాగానే, 1940లో బాగ్నాల్డ్ దూరప్రయాణ ఎడారి దళమును నెలకొల్పెను. అందలి తొలి సైనికులలో పెక్కురు న్యూజిలాండు రైతుబిడ్డలు. తరువాత 1942లో భారతీయ అశ్వికదళముల నుండి ఎన్నుకొన్న మన సైనికుల పటాలమొకటి ఈ దళముతో కలిసి పనిచేసెను. ఈ దళము వారు ముందుగా పోయి, పెట్రోలు, నీరు, ఆహారము ఎడారిలో అచ్చటచ్చట దాచి, ఆ తావులను లెక్కకట్టి పటమున గుర్తించి యుంచిరి. అబూ బల్లాస్ కుండలు మరల పుట్టినవి; మట్టికి బదులు రేకుడబ్బాలు వచ్చినవి. ఇందొక విశేషము గమనింపదగినది. ఆ దళము మొదట వాడిన షెవ్రొలెట్ లారీలకు వెనుక చక్రములకు మాత్రమే యంత్రబలము. తరువాత నాలుగు చక్రములకును బలమందు ఫోర్డు లారీలు వచ్చినను, అవి పెట్రోలును అధికముగా త్రాగుచుండుటచే, 1942లో మరల షెవ్రొలెట్ లారీలనే తెప్పించుకొనిరి. నాలుగు చక్రముల బలము గొప్పదే. కాని వారిని ఇల్లు చేర్చినది అది కాదు, తామెచ్చట నున్నారో ఎల్లప్పుడును ఎరిగి యుండుట.

ఆ ఎరుక లేనిచో ఏమగునో ఆ ఏడే తేలినది. 1942 మే నెలలో దక్షిణాఫ్రికా వైమానికదళపు విమానములు మూడు కుఫ్రా నుండి ఎగిరి, దారి తప్పి, ఎడారిలో దిగెను. తామున్న చోటు వారికి తెలియలేదు. వెదకువారు చేరునప్పటికి 12 మందిలో ఒక్కడే సజీవుడై యుండెను. తక్కిన వారు దాహముచే మరణించిరి.

యుద్ధము మరియొక వాహనమును లోకమునకిచ్చినది. అమెరికా సైన్యము కోరికపై 1940లో బాంటమ్ కంపెనీ మొదటి నమూనాను సిద్ధపరచగా, విల్లిస్, ఫోర్డు కంపెనీలు 1945 లోపల ఆరు లక్షలకు పైగా తయారుచేసిన జీపు అది. అధికారుల పర్యటనల వలన మన పల్లెలకును ఆ పేరు సుపరిచితమే. 1948లో ఇంగ్లండున లాండ్ రోవర్ వెలువడెను. సైనికుల బండి క్రమముగా గృహస్థుల బండియై, బాడుగ దుకాణములకును చేరినది.

ఇక చోటు నెరుగు విద్య మిగిలినది. దానిని ఉపగ్రహములు తీర్చినవి. అమెరికా 1978 నుండి ఆకాశమునకు పంపిన జి.పి.ఎస్. ఉపగ్రహముల సంకేతములందు, సామాన్యులకు సుమారు 100 మీటర్ల వరకు తేడా వచ్చునట్లు బుద్ధిపూర్వకముగా దోషము కల్పించుచుండిరి. 2000 మే 2వ తేదీన ఆ దోషమును తొలగించిరి. మరునాడే ఆరెగన్ రాష్ట్రమున డేవ్ ఉల్మర్ అను కంప్యూటరు నిపుణుడు అడవి ప్రక్క ఒక బకెట్టును ఉంచి, దాని అక్షాంశ రేఖాంశములను ప్రకటించెను. అందు పుస్తకములు మొదలైన వానితో పాటు ఒక చిక్కుడుగింజల డబ్బాయు నుండెను. కొలది దినములలో దానిని కనుగొన్నవారు పేర్లు వ్రాసిరి. ఆ నెలలోనే జియోకాషింగ్ అను పేరు పుట్టినది. కాష్ అనగా దాపుడు చోటు. ఉత్తర అమెరికా అడవులలో తిరిగిన ఫ్రెంచి వేటగాండ్రు, తిరుగుదారికై ఆహారము దాచిన చోటును ఆ మాటతో పిలిచిరి. ఆట పేరులోనే దాని పూర్వచరిత్ర నిలిచియున్నది.

ఇట్లు బండి దుకాణమున దొరకును. చోటు చేతిలోని పరికరమున కనబడును. మిగిలినది బండివాని తెలివి. అది అద్దెకు రాదు. కాలిఫోర్నియాలోని మృత్యులోయయందు 1913 జూలై 10న 56.7 డిగ్రీల సెంటిగ్రేడు వేడి నమోదైనది. 1996 జూలైలో జర్మనీ నుండి వచ్చిన నలుగురు యాత్రికులు, నాలుగు చక్రముల బలము లేని అద్దె కారులో ఆ లోయ ప్రక్కలోయలలోనికి పోయి అదృశ్యులైరి. అక్టోబరులో టైర్లు గాలిపోయిన కారు దొరకినది. వారిలో కొందరి అవశేషములు 2009లో గాని కానరాలేదు. ఆ బండితో ఒక బండివాడు వచ్చియున్నచో, ఆ దారిని అది పోజాలదని మొదటనే చెప్పియుండెడివాడు.

కావున అద్దె బండితో ఎడారికి పోవువారు ఆ బండివాని పనిని తామే చేయవలెను. మట్టిదారులపై నడుపుట నిషేధించు ఒడంబడికలు అనేకము గలవు గనుక, సంతకమునకు ముందు దానిని చదువవలెను. అదనపు చక్రమును, గాలికొట్టు పంపును, పారను స్వయముగా పరీక్షించి చూడవలెను. మనిషికి దినమునకు నాలుగు లీటర్లకు తక్కువ గాకుండ నీరు తీసికొని పోవలెను. ఏ దారిని పోయి, ఏనాటికి తిరిగివత్తుమో ఊరిలో ఒకరికి చెప్పిపోవలెను. బండి నిలిచిపోయినచో దానిని విడువరాదు. వెదకువారికి మనిషికన్న బండి ముందుగా కనబడును. చేతిలోని పరికరము పెట్టె ఉన్న దిక్కును చెప్పును గాని, నడుమనున్న ఇసుక మెత్తనిదో గట్టిదో చెప్పదు.

మరియొక మర్యాదయు కలదు. నాలుగువేల ఏండ్లు చెక్కుచెదరక నిలిచిన అబూ బల్లాస్ కుండలలో పెక్కు, మోటారు బండ్లు అచ్చటికి చేరిన ఈ నూరేండ్లలోపల పగిలిపోయినవి, కొన్ని ఎత్తుకొనిపోబడినవి. అమెరికాలోని జాతీయోద్యానములందు అనుమతి లేక పెట్టెలు దాచరాదను నియమము ఇట్టి అనుభవముల ఫలమే. దాచినవాడు తన వెనుక వచ్చువానిని నమ్మి దాచును. ఆనాడు కుండలో నీరు నింపినవానికిని, సీసాలో చీటి ఉంచినవానికిని, నేడు పెట్టెలో పుస్తకము పెట్టువానికిని ఆ నమ్మకమే మూలధనము. కనుగొన్నదానిని చెడకుండ మరల అచ్చటనే ఉంచి వచ్చుట మనము చెల్లింపవలసిన అసలైన అద్దె.