పేజీ ఫాల్ట్ నిర్వహణ: చరిత్ర

యూజర్ ప్రోగ్రామ్ తాకిన చిరునామాకు సంబంధించిన పేజీ ఆ సమయంలో మెమరీలో లేకపోయినా, ఉన్న పేజీని ఆ రీతిలో వాడే అనుమతి లేకపోయినా ప్రాసెసర్ పని ఆపి కెర్నల్‌ను పిలుస్తుంది. దీన్నే పేజీ ఫాల్ట్ అంటారు. కెర్నల్ కావలసిన పేజీని సమకూర్చి, ఆగిన ఇన్‌స్ట్రక్షన్‌ను మళ్లీ నడిపిస్తుంది. ఆ చిరునామా ప్రోగ్రామ్‌ది కాదని తేలితే ప్రోగ్రామ్‌నే ఆపేస్తుంది. మామూలుగా వచ్చే ఫాల్టుల్లో ఎక్కువ భాగం పేజీని సమకూర్చడంతో తీరిపోయేవే.

అట్లాస్ కంప్యూటర్

1950లలో మెయిన్ మెమరీ చాలా ఖరీదైనది. ప్రోగ్రామ్ అందులో పట్టకపోతే దాన్ని ముక్కలు చేసి, ఏ ముక్క ఎప్పుడు డ్రమ్ మెమరీ నుంచి రావాలో ప్రోగ్రామరే రాసుకోవాల్సి వచ్చేది. ఈ భారాన్ని యంత్రానికి అప్పగించిన ఘనత మాంచెస్టర్ విశ్వవిద్యాలయంలో టామ్ కిల్‌బర్న్ బృందానిది. ఫెరాంటీ కంపెనీతో కలిసి వారు తయారుచేసిన అట్లాస్ 1962 డిసెంబరు 7న ప్రారంభమైంది. అందులో 16,384 పదాల కోర్ మెమరీ, 98,304 పదాల డ్రమ్ ఉండేవి. ప్రోగ్రామర్‌కు మాత్రం రెండూ కలిసి ఒకే మెమరీగా కనిపించేవి.

కోర్ మెమరీని 512 పదాల చొప్పున 32 పేజీలుగా విభజించి, ఒక్కో పేజీకి ఒక్కో రిజిస్టర్ కేటాయించారు. ప్రోగ్రామ్ అడిగిన పేజీ సంఖ్యను హార్డ్‌వేర్ ఆ 32 రిజిస్టర్లతో ఒకేసారి పోల్చేది. ఎందులోనూ దొరక్కపోతే ఇంటరప్ట్ వచ్చేది. సూపర్‌వైజర్ ప్రోగ్రామ్ ఆ పేజీని డ్రమ్ నుంచి తెప్పించేది. కోర్‌లో ఎప్పుడూ ఒక పేజీని ఖాళీగా ఉంచడం ఇందులోని ముందుచూపు. వచ్చే పేజీ నేరుగా అందులోకి వెళ్లేది, ఏ పేజీని బయటికి పంపాలో ఆలోగా తేల్చుకునేవారు. ఆ ఎంపిక కోసం ఒక్కో పేజీ ఎంతకాలంగా వాడకంలో లేదో, అంతకు ముందు ఎంతకాలం వాడకుండా ఉందో లెక్కగట్టేవారు. ఈసారి విరామం గత విరామాన్ని మించిపోతే, ఆ పేజీతో పని అయిపోయినట్టు భావించేవారు.

త్రాషింగ్, వర్కింగ్ సెట్

అట్లాస్ తర్వాత ఎంఐటీ మల్టిక్స్, ఐబీఎం సిస్టమ్/360 మోడల్ 67 ఈ పద్ధతిని, అంటే పేజింగ్‌ను, చేపట్టాయి. ఏ పేజీని తొలగించాలన్న ప్రశ్నపై ఐబీఎంకు చెందిన లాస్లో బెలాడి 1966లో విస్తృతమైన అధ్యయనం ప్రచురించారు. ముందు వచ్చిన పేజీని ముందు తీసేసే పద్ధతిలో మెమరీ పెంచినా కొన్నిసార్లు ఫాల్టులు పెరుగుతాయని 1969లో ఆయన, సహచరులు చూపారు.

మెమరీ చాలని చోట ఎక్కువ ప్రోగ్రాములను కలిపి నడిపితే, ఒకదాని పేజీలను మరొకటి తోసేస్తూ యంత్రమంతా ఫాల్టులతోనే సతమతమవుతుంది. త్రాషింగ్ అనే ఈ స్థితిని పీటర్ డెన్నింగ్ 1968లో విశ్లేషించారు. ప్రోగ్రామ్ ఇటీవలి కాలంలో తాకిన పేజీల సముదాయాన్ని వర్కింగ్ సెట్‌గా నిర్వచించి, అది పట్టేంత మెమరీ ఉంటేనే ప్రోగ్రామ్‌ను నడపాలని ప్రతిపాదించారు. తర్వాతి మెమరీ నిర్వహణ పరిశోధనకు ఇదే పునాది.

వాక్స్, యూనిక్స్

వాక్స్ అనే కంప్యూటర్ కోసం బెల్ ల్యాబ్స్ ఇచ్చిన యూనిక్స్ ఆపరేటింగ్ సిస్టమ్‌లో పేజింగ్ లేదు; ప్రాసెస్ మొత్తాన్నీ డిస్క్‌కు పంపి, మొత్తాన్నీ తెచ్చుకునేది. బర్కిలీలో ఓజాల్ప్ బాబావోలూ, బిల్ జాయ్ దానికి పేజింగ్ చేర్చగా 1979 చివర్లో 3బీఎస్‌డీ విడుదలైంది. పేజీ వాడకంలో ఉందో లేదో తెలిపే బిట్ వాక్స్ హార్డ్‌వేర్‌లో లేదు. దీనికి వారు చక్కని ఉపాయం పన్నారు. మెమరీలోనే ఉన్న పేజీని లేనట్టుగా పేజీ టేబుల్‌లో గుర్తు పెట్టేవారు. ప్రోగ్రామ్ దాన్ని తాకగానే ఫాల్ట్ వచ్చేది. కెర్నల్ ఆ గుర్తు తీసేసి, పేజీ వాడకంలో ఉందని నమోదు చేసుకునేది. డిస్క్ జోలికి పోవాల్సిన అవసరం ఉండేది కాదు. లోటును పూడ్చడానికి పుట్టిన ఫాల్ట్ ఈ విధంగా సమాచారం రాబట్టే సాధనమైంది.

మైక్రోప్రాసెసర్ల యుగం

మోటరోలా 68000 ఫాల్ట్ తర్వాత ఇన్‌స్ట్రక్షన్‌ను తిరిగి నడపడానికి చాలినంత సమాచారం భద్రపరిచేది కాదు. 68010లో ఈ లోపం తొలగింది. 1985 నాటి ఇంటెల్ 80386 నాలుగు కిలోబైట్ల పేజీలతో పేజింగ్‌ను పర్సనల్ కంప్యూటర్లకు తెచ్చింది. అందులో ఫాల్ట్ అయిన చిరునామా సీఆర్2 రిజిస్టర్‌లో చేరుతుంది. దాంతోపాటు వచ్చే ఎర్రర్ కోడ్‌లోని మొదటి మూడు బిట్లు పేజీ ఉందా, రాయబోయారా, యూజర్ మోడ్‌లో జరిగిందా అన్నవి చెబుతాయి. లైనక్స్ లాగ్‌లో సెగ్‌ఫాల్ట్ పక్కన కనిపించే ఎర్రర్ 4కు అర్థం: యూజర్ ప్రోగ్రామ్ లేని పేజీని చదవబోయింది. రాయబోయి ఉంటే అది 6 అవుతుంది.

లైనక్స్ కెర్నల్ ముందుగా ఆ చిరునామా ప్రాసెస్‌కు చెందిన ప్రాంతాల్లో ఉందా, కోరిన పనికి అక్కడ అనుమతి ఉందా అని చూస్తుంది. లేకుంటే సిగ్‌సెగ్‌వీ సిగ్నల్ పంపుతుంది. కొత్త డేటా ప్రాంతంలో తొలిసారి రాస్తుంటే సున్నాలు నింపిన పేజీ ఇస్తుంది. ఫైల్ భాగమైతే పేజ్ క్యాష్‌లో వెతికి, అక్కడా లేకపోతేనే డిస్క్ నుంచి చదువుతుంది. ఒక ప్రాసెస్ తనలాంటి మరో ప్రాసెస్‌ను సృష్టించే ఫోర్క్ తర్వాత తల్లి, పిల్ల ప్రాసెస్‌లు ఒకే పేజీని పంచుకుంటాయి. ఎవరైనా రాయబోయినప్పుడు వచ్చే ఫాల్ట్‌తోనే వేరే ప్రతి తయారవుతుంది.

ఈ ప్రతి తీసే దారిలోనే 2007 నుంచి దాగి ఉన్న ఒక లోపం డర్టీ కౌ పేరుతో 2016లో బయటపడింది. చదవడానికి మాత్రమే అనుమతి ఉన్న ఫైళ్లను మామూలు యూజర్ మార్చగలిగేలా చేసిన లోపమది. అంతకు ఏడాది ముందు, 2015లో వచ్చిన లైనక్స్ 4.3, యూజర్‌ఫాల్ట్‌ఎఫ్‌డీ ద్వారా ఫాల్టులను యూజర్ ప్రోగ్రామే పరిష్కరించుకునే వీలు కల్పించింది. నడుస్తున్న వర్చువల్ మెషీన్‌ను మరో యంత్రానికి తరలించి, మిగిలిన పేజీలను అడిగినప్పుడు తెప్పించుకోవడానికి ఇది ఉపయోగపడుతోంది. ఒకే ప్రాసెస్‌లోని అనేక థ్రెడ్లకు ఒకేసారి ఫాల్టులు వచ్చినప్పుడు అన్నీ ఒకే లాక్ కోసం పోటీపడేవి. 2023లో వచ్చిన 6.4 వెర్షన్ మెమరీ ప్రాంతానికో లాక్ చొప్పున ఏర్పాటు చేసి ఈ ఒత్తిడిని చాలావరకు తగ్గించింది.