రైలెక్కకుండానే రాష్ట్రం మారినవారు

రైల్వే గుమాస్తాలమైన మాకు టిక్కెట్టు లేని ప్రయాణమంటే గిట్టదు. కాని తిరుత్తణి వారు టిక్కెట్టు కొనకుండానే, రైలెక్కకుండానే రాష్ట్రాలు మారారన్న సంగతి పాఠకులకు వింతగా తోచవచ్చును.

1910లో తిరుత్తణిలో పుట్టిన బిడ్డ ఉత్తర ఆర్కాటు జిల్లావాడు. 1911 ఏప్రిల్ 1న చిత్తూరు జిల్లా ఏర్పడగా ఆ జిల్లావాడైనాడు. 1953లో ఆంధ్ర రాష్ట్రము, 1956లో ఆంధ్రప్రదేశ్. పటాస్కర్ గారి మధ్యవర్తిత్వము ఫలితంగా 1960 ఏప్రిల్ 1న తాలూకాలో అధికభాగం మద్రాసు రాష్ట్రపు చెంగల్పట్టు జిల్లాలో కలిసింది. బదులుగా తిరువళ్ళూరు, పొన్నేరి తాలూకాల గ్రామాలు కొన్ని, సత్యవేడుతో సహా, చిత్తూరు జిల్లాకు వచ్చినవి. 1969లో రాష్ట్రం పేరు తమిళనాడు అయినది. 1997లో తిరువళ్ళూరు జిల్లా వెలసింది. ఇల్లు మాత్రం ఒక్కటే!

1888లో అక్కడ జన్మించిన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు ఢిల్లీలో ఉపరాష్ట్రపతిగా ఉండగానే వారి జన్మస్థలం ఆంధ్రప్రదేశ్‌ను వదలినది.

మేము బ్రతుకుతెరువుకై ఊరు విడిచి వచ్చినవారము. అక్కడి తెలుగువారు ఊరు విడువకనే ప్రవాసాంధ్రులైనారు. హద్దు జరిగినా వాకిట ముగ్గు మారలేదు, ఉగాది పచ్చడి మానలేదు. అయితే పచ్చడితోనే భాష నిలువదు గదా! హద్దులు గీచుట మన చేతిలో లేదు. బిడ్డ చేత తెలుగు అక్షరాలు దిద్దించుట మన చేతిలోనిదే. ఈ ఉగాదికి కొత్తబట్టలతోబాటు ఇంటింటా ఒక పలక కూడా కొందము.