గొట్టముల వాద్యము - కంప్యూటరు జ్ఞాపకశక్తి

సంగీత వాద్యములలో పరిమాణమున మిక్కిలి పెద్దది పైపు ఆర్గన్. క్రీ. పూ. 3వ శతాబ్దిలో అలెగ్జాండ్రియా నగరమున క్టెసిబియస్ అను యంత్రజ్ఞుడు నీటి ఒత్తిడి సాయమున గాలిని గొట్టములలోనికి పంపి మ్రోగించిన వాద్యము దీనికి మూలము. మీటను నొక్కినపుడు గాలిపెట్టె నుండి గాలి గొట్టములోనికి పోయి స్వరము పుట్టును. పొడుగు గొట్టము మంద్రమును, పొట్టి గొట్టము తారమును పలుకును. ఒకే తీరు నాదమునిచ్చు గొట్టములను ఒక వరుసగా అమర్చుదురు. ఆ వరుసను పలికించుటకు లాగు పిడికి 'స్టాప్' అని పేరు. గొప్ప చర్చిలలోని ఆర్గన్లకు పదుల కొలది స్టాపులు, వేల కొలది గొట్టములు ఉండును.

తెలుగు నాటక రంగమున పద్యమునకు తోడై నిలిచిన హార్మోనియము ఈ వాద్యమునకు దూరపు చుట్టము. అందు గొట్టములు లేవు. గాలి తాకిడికి లోహపు నాలుకలు కంపించి నాదమునిచ్చును. అందువలననే అది ఒక మనిషి మోయదగినంత చిన్నదైనది. పైపు ఆర్గన్‌ను మాత్రము మోసికొని పోవుటకు వీలులేదు. అది నిలిచిన భవనమే దాని నాదములో సగము.

ఇట్టి వాద్యము చలనచిత్ర సంగీతమునకు కావలసివచ్చినచో ఏమి చేయవలెను? తెలుగు చిత్ర పరిశ్రమ చాలకాలము మద్రాసునందే ఉండెను. 1976లో హైదరాబాదున అన్నపూర్ణ స్టూడియో ప్రారంభమయ్యెను. 1989లో ఫిల్మ్‌నగర్‌లో రామానాయుడు స్టూడియో వెలసెను. క్రమముగా జూబిలీహిల్స్, ఫిల్మ్‌నగర్ ప్రాంతములు తెలుగు సినిమాకు నివాసమైనవి. పరిశ్రమ ఇట్లు తావు మార్చుచున్న దశాబ్దములలోనే, ప్రపంచమంతట సంగీతమును రూపొందించు పద్ధతి కూడ మారుచుండెను. నేడు సంగీత దర్శకుడు ఒక గదిలో కూర్చుండి, ఒక కీబోర్డు, ఒక కంప్యూటరు సాయముతో వయొలిన్ల బృందమును, బూరలను, చర్చి ఆర్గన్‌ను కూడ పలికింపగలడు. దీనికి ఆధారమైన పద్ధతికి 'శాంప్లింగ్' అని పేరు. అసలు వాద్యము యొక్క ఒక్కొక్క స్వరమును ముందుగా ముద్రించి ఉంచుకొని, మీట నొక్కినపుడు ఆ ముద్రణను వినిపించుటయే ఇందలి కిటుకు.

కంప్యూటరుతో శాంప్లింగ్ చేయుటకు ముందే ఈ ఊహ రూపుదాల్చెను. 1963లో ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగరమున తయారైన మెలొట్రాన్‌లో ఒక్కొక్క మీట క్రింద ఒక టేపు ముక్క ఉండెడిది. అది సుమారు 8 సెకండ్లు మ్రోగి ఆగిపోయెడిది. 1979లో ఆస్ట్రేలియా నుండి వచ్చిన ఫెయిర్‌లైట్ అను యంత్రము ధ్వనిని అంకెలుగా మార్చి దాచెను. అయితే ఒక్కొక్క స్వరమునకు అందులో ఉన్న తావు 16 కిలోబైట్లు మాత్రమే. అది ఒక సెకండు నాదమునకు బొటాబొటిగా సరిపోవును. 1983లో వచ్చిన 'మిడి' ఏర్పాటు వేర్వేరు సంస్థల కీబోర్డులకును కంప్యూటర్లకును ఒకే భాషను ఇచ్చెను. 1998లో వచ్చిన గిగాశాంప్లర్, ధ్వనిని హార్డుడిస్కు నుండి అప్పటికప్పుడు చదివి వినిపించెను. 21వ శతాబ్ది ఆరంభమున ఇంగ్లండుకు చెందిన మార్టిన్ డైడ్ ప్రత్యేకముగా పైపు ఆర్గన్ కొరకు హాప్ట్‌వెర్క్ అను సాఫ్ట్‌వేరును నిర్మించెను. 2008లో అది మిలన్ డిజిటల్ ఆడియో సంస్థ చేతికి వచ్చెను. ఇదే పనిని ఉచితముగా చేయు గ్రాండార్గ్ అను సాఫ్ట్‌వేరు కూడ కలదు.

ఈ చరిత్ర యంతయు జ్ఞాపకశక్తి చరిత్రయే. కంప్యూటరు పని చేయుచున్నంతసేపు సమాచారమును చేతికందునట్లు ఉంచుకొను తావును 'ర్యామ్' అందురు. హాప్ట్‌వెర్క్ ఆర్గన్ యొక్క గొట్టములన్నిటి నాదములను ముందుగానే ర్యామ్‌లోనికి తెచ్చుకొనును. ఏలయన, వాయించువాడు ఒక్క పిడి లాగినంతనే అనేక గొట్టములు ఒక్కుమ్మడిగా మ్రోగవలెను. వాటిని వెదకుటకు వ్యవధి ఉండదు.

ఎంత ర్యామ్ కావలెనో విద్యార్థులే లెక్క వేయవచ్చును. ధ్వనిని సెకండుకు 48,000 సార్లు కొలిచి, ఒక్కొక్క కొలతను 3 బైట్లలో వ్రాసి, కుడి ఎడమలకు రెండు వరుసలుగా ఉంచినచో, సెకండుకు 2,88,000 బైట్లు అగును. గొట్టమునకు 5 సెకండ్ల చొప్పున 61 గొట్టముల స్టాపునకు సుమారు 88 మెగాబైట్లు కావలెను. అట్టి స్టాపులు 40 ఉన్నచో 3.5 గిగాబైట్లు. మీట విడిచిన పిదప భవనములో మిగులు ప్రతిధ్వనిని వేరుగా ముద్రింతురు గనుక ఈ మొత్తము సులభముగా రెట్టింపగును. కంప్యూటరు సొంత పనులకు కూడ కొంత తావు విడువవలెను. కావున ఇట్టి ఆర్గన్‌కు 8 గిగాబైట్ల యంత్రము చాలదు. 16 తో మొదలుపెట్టవచ్చును. 32 ఉన్నచో సుఖము. కొలతను 3 బైట్లకు బదులు 2 బైట్లలో ఉంచినచో మూడవ వంతు తావు మిగులును. చిన్న యంత్రము గలవారికి ఇది మేలైన ఉపాయము.

ప్రాసెసరు పని వేరు. ఆరు మీటలను ఇరువది స్టాపులతో నొక్కినచో 120 గొట్టములు పలుకును. చర్చిలో ప్రతిధ్వని 5 సెకండ్లు నిలుచునని, స్వరములు సెకండుకు రెండుసార్లు మారుచున్నవని అనుకొన్నచో, పది మార్పుల ప్రతిధ్వనులు, అనగా 1,200 నాదములు, ఒకేసారి కలియవలెను. ప్రాసెసరు అందుకొనలేనిచో ప్రతిధ్వని నడుమనే తెగిపోవును, లేదా చిటపట శబ్దములు వచ్చును.

మీట నొక్కుటకును నాదము వినబడుటకును నడుమ గల ఆలస్యము మరొక విషయము. కంప్యూటరు 1,024 కొలతలను పోగుచేసి పంపినచో 21 మిల్లీసెకండ్లు, 256 చొప్పున పంపినచో 5 మిల్లీసెకండ్లు ఆలస్యమగును. అసలు ఆర్గన్‌లో సైతము 10 మీటర్ల దూరమున ఉన్న గొట్టము నుండి ధ్వని చేరుటకు సుమారు 29 మిల్లీసెకండ్లు పట్టును. అయినను కంప్యూటరు ఆలస్యమును తగ్గించుటకు మంచి సౌండు పరికరము అవసరము.

ఇక పాత కంప్యూటరును ఎన్నుకొను విధము. సికింద్రాబాదులోని చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి అంగళ్లలో వాడిన యంత్రములు దొరకును. అచ్చట మెరిసెడి పెట్టెను, ఖరీదైన గ్రాఫిక్స్ కార్డును చూచి డబ్బు పెట్టుట తగదు. ఆర్గన్‌కు గ్రాఫిక్స్ కార్డుతో పనిలేదు. మొదట అడుగవలసినది ర్యామ్‌ను పెంచుటకు వీలున్నదా అని. 2020 నుండి వచ్చిన ఆపిల్ ఎం1 తరగతి యంత్రములలో ర్యామ్ ప్రాసెసరుతోనే కలిసి ఉండును. కొన్న తరువాత పెంచుటకు వీలులేదు. చాల సన్నని ల్యాప్‌టాపుల సంగతియు ఇంతే. కార్యాలయములు, స్టూడియోలు వాడి విడిచిన పెద్ద వర్క్‌స్టేషన్లలో ర్యామ్ పలకలకు అనేక గాళ్లు ఉండుటచే అవి ఈ పనికి అనువైనవి. అయితే వాటి ఫ్యాన్ల రొద ఎంతయో విని చూడవలెను.

రెండవది యంత్రము వయస్సు. విండోస్ 10 కు సాధారణ రక్షణ 2025 అక్టోబరు 14తో ముగిసినది. ఇంటెల్ ప్రాసెసర్లలో విండోస్ 11 కు సాధారణముగా ఎనిమిదవ తరము గాని, తరువాతివి గాని కావలెను. అంతకన్న పాత యంత్రమున లినక్స్‌ను ఎక్కించి గ్రాండార్గ్‌ను నడుపవచ్చును. మూడవది, ఎస్.ఎస్.డి. ఉన్నచో ఆర్గన్ ర్యామ్‌లోనికి వేగముగా చేరును. అయితే అది ర్యామ్ కొరతను తీర్చదు.

డబ్బు చెల్లింపక ముందే ఒక ఉచిత ఆర్గన్‌ను ఎక్కించి, స్టాపులన్నియు లాగి, రెండు చేతులతో కొంతసేపు వాయించి చూచుట మేలు. పరిమితమైన డబ్బుతో వాద్యము కూర్చుకొన దలచిన పాఠశాలకు గాని, ఫిల్మ్‌నగర్‌లో తొలి అవకాశమునకై ఎదురుచూచు సంగీత విద్యార్థికి గాని, ఈ కొద్దిపాటి పరీక్ష వలన వేల రూపాయలు మిగులును.